ఆరు నెలలు పలకలేదని పేరు కొట్టేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మ, నేను, మరో ఐదుగురు ఆడవాళ్లం కలిసి 2016 నుంచి పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాం. కొనేవాళ్లలో సగానికి పైగా అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాల్లో ఉన్న మనవాళ్లే. ఇక్కడివాళ్లకు వాట్సాప్ సరిపోతుంది గానీ బయటి దేశాలవాళ్లకు నెలకు రెండుసార్లు ఈమెయిల్ పంపుతాం. లిస్టులో ఇప్పుడు 11,600 మంది ఉన్నారు. ఎగ్జిబిషన్లలో స్టాల్ పెట్టినప్పుడు రోజంతా నిలబడి నోటుబుక్కులో రాయించుకున్న పేర్లు వాటిలో చాలా ఉన్నాయి. మెయిల్ తెరిచినవాళ్లు 44 శాతం అని మేం మెయిళ్లు పంపే ఆన్‌లైన్ టూల్ చూపిస్తోంది, ఆర్డర్లు మాత్రం రెండేళ్లుగా తగ్గుతున్నాయి. డల్లాస్‌లో ఉండే పాత కస్టమర్ ఒకామె ‘మీ మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయండీ’ అంది. టూల్ బిల్లేమో పెరుగుతోంది. ఆరు నెలలుగా తెరవనివాళ్లందరినీ డిలీట్ చేసేద్దాం అంటున్నాడు మా తమ్ముడు. నాకు మనసొప్పడం లేదు, అలాగని ఊరికే బిల్లు కట్టడమూ ఇష్టం లేదు. ఏప్రిల్‌లో కొత్తావకాయ మెయిల్ పంపేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?

జవాబు: లిస్టును శుభ్రం చేయాల్సిందే, అక్కడ మీ తమ్ముడి మాట నిజం. అయితే ఆయన పట్టుకున్న కొలబద్ద సరైనది కాదు. ‘తెరవలేదు’ అన్న ఒక్క లెక్కతో పేర్లు తీసేస్తే కొనేవాళ్లు పోయి, కొననివాళ్లు మిగులుతారు. అది ఎలా జరుగుతుందో ముందు చెబుతాను, ఎందుకంటే మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మీరు పంపే ప్రతి మెయిల్లోనూ కంటికి కనబడనంత చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది. ఎవరైనా మెయిల్ తెరిస్తే ఆ బొమ్మ మీ టూల్ సర్వర్ నుంచి డౌన్‌లోడ్ అవుతుంది. అలా అయితే తెరిచినట్టు లెక్క. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15 వచ్చినప్పటి నుంచి ఈ లెక్క చెడిపోయింది. యాపిల్ మెయిల్ యాప్‌లో ప్రైవసీ రక్షణ పెట్టుకున్నవాళ్లకు వచ్చే మెయిళ్లలోని బొమ్మల్ని యాపిల్ సర్వర్లే ముందుగా తెచ్చి పెట్టుకుంటాయి. మనిషి చూసినా చూడకపోయినా మీ టూల్లో ‘తెరిచారు’ అని పడిపోతుంది. మీ కస్టమర్లలో అమెరికావాళ్లు ఎక్కువ, వాళ్ల చేతుల్లో ఐఫోన్లూ ఎక్కువే. ఆర్డర్లు పడిపోతుంటే ఓపెన్ రేటు 44 దగ్గర నిలబడి ఉండటానికి ఇదే ముఖ్య కారణం అయి ఉండాలి. మీ టూల్లో యాపిల్ తెరిచినవాటిని పక్కన పెట్టి చూపించే ఫిల్టర్ ఉందేమో చూడండి, చాలావాటిలో ఉంటుంది. అది నొక్కాక కనిపించే అంకె చూసి టెన్షన్ పడకండి. ఎప్పటినుంచో ఉన్న నిజమే అది.

దీనికి తిరగబడిన తప్పు ఇంకోటుంది. చదివినా ‘తెరవలేదు’ అని పడేవాళ్లు. ఆఫీసు కంప్యూటర్‌లో బొమ్మలు ఆపేసి చూసేవాళ్ల లెక్క మీకు రాదు. దాంతోపాటు జీమెయిల్ ఒక పని చేస్తుంది. మెయిల్ 102 కిలోబైట్లు దాటితే అక్కడికి కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమని కింద చిన్న లింకు పెడుతుంది. లెక్కలు చెప్పే ఆ చిన్న బొమ్మ సాధారణంగా మెయిల్ అట్టడుగున ఉంటుంది కాబట్టి, కత్తిరింపులో అదీ పోతుంది. ఇది తెలుగులో రాసే మనకు ఇంకొంచెం దగ్గర సమస్య. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైటు తీసుకుంటే, తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘ఆవకాయ’ అని తెలుగులో రాస్తే 15 బైట్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 7. ఫొటోల బరువు ఈ లెక్కలోకి రాదు. అక్షరాలు, వాటి వెనక టూల్ రాసే కోడ్ మాత్రమే వస్తాయి. పచ్చడితో పాటు వంటకం విధానం కూడా తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పొడుగ్గా రాసి పంపే అలవాటు మీకుంటే, మీ మెయిల్ ఆ గీత దాటుతూ ఉండొచ్చు. మీ సొంత జీమెయిల్‌కి ఒకటి పంపుకుని చివరిదాకా కిందికి జరిపి చూడండి. కత్తిరించి ఉంటే ఇంకో నష్టం కూడా కనిపిస్తుంది. ఇక మెయిళ్లు వద్దని చెప్పే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఆ కింద ఎక్కడో ఉండిపోతుంది. వద్దనుకున్న మనిషికి అది దొరక్కపోతే పైన చేతికి అందే ‘స్పామ్’ బటన్ నొక్కుతుంది.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక చీరల దుకాణానికి మెయిళ్ల పని చూసేదాన్ని. తొమ్మిది నెలలుగా తెరవని పేర్లు రెండు వేలకు పైగా ఉంటే అన్నీ ఒకేరోజు తీసేశాను. బౌన్సులు, అంటే చేరకుండా తిరిగొచ్చే మెయిళ్లు, తగ్గాయి, రేట్లు బాగా కనిపించాయి, యజమానీ మెచ్చుకున్నారు. శ్రావణ మాసం మొదలయ్యే ముందు దుకాణానికి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, ‘వరలక్ష్మీ వ్రతానికి చీరల మెయిల్ ఈసారి పంపలేదేమమ్మా?’ అని అడిగింది. పాత బిల్లులు తీసి చూశాం. ఆవిడ ఏటా ఆ నెలలోనే నాలుగైదు చీరలు కొంటుంది, కోడళ్లకూ కూతురికీ. మెయిల్ చూసి, ఫోన్ చేసి ఆర్డర్ చెప్పేది. లింకు ఎప్పుడూ నొక్కలేదు, బొమ్మలు ఆపేసి ఉండేవి. నా షీటులో ఆవిడ ఎప్పుడో చనిపోయిన పేరు. అలాంటివాళ్లు ఎందరు ఫోన్ చేయకుండా వేరే దుకాణానికి వెళ్లిపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. మీ మనసు ఒప్పడం లేదన్నారు చూడండి, అందుకే ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

కాబట్టి మొదటి పని టూల్లో కాదు, మీ ఆర్డర్ల పుస్తకంలో ఉంది.

టూల్ నుంచి లిస్టు మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. మెయిల్ ఐడీ, ఎప్పుడు చేరారు, ఎలా చేరారు, చివరిసారి ఎప్పుడు లింకు నొక్కారు అన్న వరుసలు చాలు. పక్క షీటులో మూడేళ్ల ఆర్డర్లు పెట్టండి. వెబ్‌సైట్ ఆర్డర్లతో ఆగకండి, వాట్సాప్‌లో, ఫోన్‌లో వచ్చినవి కూడా ఎక్కించాలి. విసుగ్గా ఉంటుంది గానీ ఒకటి రెండు ఆదివారాలు ఇంట్లో ఇద్దరు కూర్చుంటే అయిపోతుంది. తర్వాత ఎక్సెల్‌లో ఉండే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో రెండింటినీ కలిపితే ప్రతి పేరు పక్కనా చివరి ఆర్డర్ తేదీ వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ల ఇళ్లల్లో చాలాసార్లు మెయిల్ భార్యకు వెళ్తుంది, ఆర్డర్ భర్త ఐడీతో, ఆయన కార్డుతో పడుతుంది. లేదా కొడుకు డబ్బు కడతాడు, పచ్చడి గుంటూరులోనే ఉన్న అమ్మానాన్నలకు వెళ్తుంది. ఐడీ ఒక్కటే చూస్తే ఇద్దరూ నిద్రపోతున్నట్టే కనిపిస్తారు. ఫోన్ నంబరుతో, డెలివరీ అడ్రసుతో కూడా ఒకసారి కలిపి చూడండి. ఆ పని మాత్రం మీరే చేయండి, లేదా మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. అడ్రసు చూడగానే ‘వీళ్లు ఫలానా వాళ్లు కదూ’ అని గుర్తుపట్టే మనిషి కావాలి దానికి.

ఇక గడువు. ఆరు నెలలు అన్నది ప్రతి వారం కొనే సరుకులకు సరిపోవచ్చు. ఆవకాయ ఏడాదికి ఒకసారి పెట్టేది. మే నెలలో అయిదు కిలోలు తెప్పించుకున్న కుటుంబం జనవరిలో మీ మెయిల్ తెరవలేదంటే జాడీ ఇంకా ఖాళీ కాలేదని అర్థం. అందుకని ఎప్పుడైనా ఒక్కసారైనా కొన్నవాళ్లకు రెండు ఆవకాయ సీజన్లు ఆగండి. రెండు వేసవుల్లోనూ కొనలేదు, లింకు నొక్కలేదు, జవాబివ్వలేదు అంటే అప్పుడు అనుమానించాలి. ఎగ్జిబిషన్ నోటుబుక్కులో రాసి వెళ్లిపోయి, ఆ తర్వాత ఏమీ కొనని పేర్ల సంగతి వేరు. వాళ్లకు మీ తమ్ముడు చెప్పిన ఆరు నెలలే న్యాయం, అది కూడా క్లిక్కులు చూసి, ఓపెన్లు చూసి కాదు. క్లిక్కుల్లో కూడా యంత్రాలవి ఉంటాయి. కొన్ని కంపెనీల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లోపలికి వచ్చిన ప్రతి మెయిల్లోని లింకులన్నిటినీ తనే నొక్కి పరీక్షిస్తుంది. మెయిల్ వెళ్లిన నిమిషంలోపే అన్ని లింకులూ నొక్కినట్టు కనిపిస్తే అది మనిషి పని కాదు, వదిలేయండి.

అసలు బతికి లేని ఐడీల విషయంలో ఆలోచించాల్సిందేమీ లేదు. ‘అలాంటి ఖాతా లేదు’ అని తిరిగొచ్చిన హార్డ్ బౌన్సుల్ని చాలా టూల్స్ వాటంతటవే ఆపేస్తాయి, మీది ఆపుతోందో లేదో చూసుకోండి. ‘మెయిల్‌బాక్స్ నిండిపోయింది’ అని వస్తే వెంటనే తీయకండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఫొటోలతో నిండిపోయి మెయిళ్లు ఆగిపోయినవాళ్లు మనలో బోలెడుమంది. నాలుగైదుసార్లు వరసగా అదే జవాబు వస్తే అప్పుడు ఆపండి. మీలాంటి లిస్టుల్లో ఎక్కువగా చచ్చిపడి ఉండేవి రెండు రకాలు. అమెరికాలో ఎమ్మెస్ చదివేటప్పుడు ఇచ్చిన యూనివర్సిటీ ఐడీ, తర్వాత ఉద్యోగంలో ఇచ్చిన కంపెనీ ఐడీ. చదువు అయ్యాక కొన్నాళ్లకు మొదటిది మూతపడటం మామూలే, ఉద్యోగం మారిన రోజే రెండోది పోతుంది. మనిషి మాత్రం అక్కడే ఉన్నాడు, పచ్చడి తింటూనే ఉన్నాడు. ఇలాంటివాళ్లలో ఆర్డర్ చరిత్ర ఉన్నవాళ్లకు వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టి సొంత ఐడీ అడగండి. వేరే ఏ పద్ధతిలోనూ వాళ్లు మీకు తిరిగి దొరకరు. 2023 డిసెంబరు నుంచి గూగుల్ కూడా రెండేళ్లుగా వాడని ఖాతాల్ని తీసేయడం మొదలుపెట్టింది. అందువల్ల పాత జీమెయిల్ ఐడీల్లోనూ పోయినవి ఉంటాయి.

నోటుబుక్కు పేర్లలో రాతతప్పులు వెతకండి. జీమెయిల్‌కి జీమియల్, డాట్ కామ్‌కి డాట్ కాన్. ఇవి ఊరికే తిరిగి రావడమే కాదు, కొన్నిసార్లు ప్రమాదం కూడా. ఇలాంటి తప్పు పేర్లతో ఉన్న డొమైన్లనూ (ఐడీలో @ తర్వాత వచ్చే పేర్లు), ఎవరూ వాడని పాత ఐడీలనూ స్పామ్ పంపేవాళ్లను పట్టుకోవడానికి ఎరగా పెట్టేవాళ్లు ఉంటారు. అక్కడికి మీ మెయిల్ పదేపదే వెళ్తే, మీరు ఎవరి అనుమతీ లేకుండా పంపేవాళ్ల కింద లెక్క. స్పష్టంగా తెలిసిన తప్పయితే సరిదిద్దండి. అనుమానం ఉంటే తీసేయండి, ఊహించి దిద్దితే ఎవరో కొత్త మనిషికి పంపినట్టవుతుంది.

ఇదంతా ఎందుకు చేయాలి, బిల్లు కోసమేనా అని మీ అమ్మగారు అడిగితే డల్లాస్ కస్టమర్ చెప్పిన మాట గుర్తుచేయండి. ఆవిడ మీ మెయిల్ కావాలనుకుంటోంది, అయినా అది స్పామ్‌లో పడుతోంది. జీమెయిల్ మీ మెయిళ్ల తీరు చూసి మీకు మంచిదో చెడ్డదో ఒక పేరు కడుతుంది. మీ మెయిళ్లను పట్టించుకోనివాళ్లు, స్పామ్ నొక్కేవాళ్లు పెరిగేకొద్దీ ఆ పేరు దిగజారుతుంది, దాని శిక్ష కావాలనుకునేవాళ్లకు పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఇంకా గట్టిపడ్డాయి. రోజుకు 5,000కు పైగా జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లు మెయిల్ నిజంగా తమ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సెట్టింగులు మూడూ సరిగా పెట్టుకోవాలి, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలి, వద్దన్నవాళ్లను రెండు రోజుల్లో ఆపాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదు. 0.1 లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. 11,600 మందికి ఒకేసారి పంపే మీరు ఆ 5,000 గీత ఇప్పటికే దాటి ఉంటారు. ఒక్కసారి దాటితే మళ్లీ వెనక్కి లేదు, ఎప్పటికీ పెద్ద ఎత్తున పంపేవాళ్ల కిందే చూస్తారు.

0.3 శాతం అంటే వెయ్యికి ముగ్గురు. ఆ ముగ్గురు ఎవరో జీమెయిల్ మీ టూల్‌కు చెప్పదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్ నమోదు చేసుకుంటే శాతం కనిపిస్తుంది, పేర్లు కనిపించవు. పేర్లు తెలియనప్పుడు, విసిగి ఆ బటన్ నొక్కే అవకాశం ఉన్నవాళ్లను ముందే గౌరవంగా పంపించేయడం ఒక్కటే దారి. పోస్ట్‌మాస్టర్ నమోదూ ఆ మూడు సెట్టింగులూ వెబ్‌సైట్ చూసే కుర్రాడికి గంట పని, ఈ వారమే చేయించండి. జీమెయిల్ డాట్ కామ్ ఐడీ పేరుతో టూల్ నుంచి పంపుతుంటే అదీ ఆపించండి, సొంత డొమైన్ ఐడీతోనే వెళ్లాలి.

ఇప్పుడు మిగిలినవాళ్లు. బతికున్న ఐడీ, ఆర్డర్ లేదు, క్లిక్ లేదు, గడువు దాటింది. వీళ్లకు ఒక ఉత్తరం రాయాలి. అందులో తగ్గింపు ఆశ పెట్టకండి. కూపన్ కోసం నొక్కేవాళ్లు మళ్లీ ఆరు నెలలు మౌనంగా ఉంటారు, మీ సమస్య మళ్లీ మొదటికే వస్తుంది. నేనైతే ఇంత చిన్నగా రాస్తాను.

‘నమస్కారమండీ. ఎప్పుడో మా పచ్చళ్లు కొన్నప్పుడో, మా స్టాల్‌కి వచ్చినప్పుడో మీ మెయిల్ ఐడీ మాకిచ్చారు. చాలాకాలంగా మా మెయిళ్లు మీకు ఉపయోగపడుతున్నట్టు లేవు. ఈ వేసవిలో కొత్తావకాయ పెట్టగానే మీకు చెప్పమంటారా? చెప్పమంటే కింద నొక్కండి. ఏడాదికి ఆ ఒక్క మెయిల్ చాలన్నా సరే. మీ నుంచి జవాబు లేకపోతే ఈ నెలాఖరు నుంచి మెయిళ్లు ఆపేస్తాం. ఇంతకాలం చదివినందుకు అమ్మ తరఫున, నా తరఫున కృతజ్ఞతలు.’

‘ఏడాదికి ఒక్క మెయిల్ చాలు’ అన్న వాక్యం తప్పకుండా ఉంచండి. నెలకు రెండు ఎక్కువనిపించి మౌనంగా ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లకు దారి దొరుకుతుంది. ‘పంపండి’ లింకు నొక్కితే ఒక పేజీ తెరుచుకుని, అక్కడ మళ్లీ బటన్ నొక్కేలా పెట్టించండి, లేకపోతే యంత్రాల క్లిక్కులన్నీ సమ్మతిగా పడతాయి. మొత్తం ఒకేరోజు పంపకండి. చాలాకాలంగా పలకని ఐడీలకు ఒక్కసారిగా వేలల్లో వెళ్తే బౌన్సులు, ఫిర్యాదులు కలిసొచ్చి ఉన్న పేరూ పోతుంది. రోజుకు మూడు నాలుగు వందల చొప్పున, కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి పాతవాళ్ల వైపు వెళ్లండి. ఏ రోజైనా బౌన్సులు ఎక్కువైతే అక్కడ ఆపండి, అంతకంటే పాతవాటికి ఆ ఉత్తరం కూడా వద్దు. పదిహేను రోజుల తర్వాత, జవాబివ్వనివాళ్లకు ఇంకొక్కసారి, అంతే.

అప్పటికీ పలకనివాళ్లను ఆపేయాలి, కానీ డిలీట్ చేయకూడదు. మీ తమ్ముడితో నేను గట్టిగా విభేదించేది ఇక్కడే. డిలీట్ చేస్తే ఆ మనిషి వద్దన్న సంగతి కూడా చెరిగిపోతుంది. రేపెవరో పాత ఎక్సెల్ షీటు మళ్లీ అప్‌లోడ్ చేస్తే, వద్దన్నవాళ్లకే మెయిల్ వెళ్తుంది. అమెరికా చట్టం ప్రకారం వద్దన్న మనిషిని పది పనిదినాల్లో ఆపాలి, ఆ తర్వాత పంపితే అది తప్పే. ఆర్కైవ్ చేయండి, అంటే పేరు చెరపకుండా పక్కన పెట్టండి, లేదా పంపకూడని జాబితాలో పెట్టండి. బిల్లు విషయంలో టూల్‌కు టూల్‌కు తేడా ఉంటుంది. ఉదాహరణకు మెయిల్‌చింప్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లను కూడా లెక్కలో వేసుకుంటారు, ఆర్కైవ్ చేస్తేనే లెక్కలోంచి పోతారు. మీది ఏ పద్ధతో బిల్లింగ్ పేజీలో చూసుకోండి. తీసేసిన ప్రతి పేరునూ తేదీతో, కారణంతో సహా మీ కంప్యూటర్‌లో ఒక షీటుగా కూడా దాచుకోండి. రెండేళ్ల తర్వాత ఒక పాత కస్టమర్ ఆర్డర్ పెట్టి ‘మెయిల్స్ రావట్లేదు’ అంటే ఏం జరిగిందో చెప్పగలగాలి.

ఎగ్జిబిషన్ పేర్ల గురించి ఒక్కమాట. రోజంతా నిలబడి రాయించుకున్న కష్టం నాకు తెలుసు, నేనూ రాయించుకున్నదాన్నే. గోంగూర రుచి చూసిన మనిషి మొహమాటానికి ఐడీ రాసి వెళ్తుంది. ఈసారి స్టాల్లో నోటుబుక్కు బదులు క్యూఆర్ కోడ్ పెట్టండి. ఆవిడే తన ఫోన్లో టైపు చేసుకుని, వచ్చిన మెయిల్లో ‘అవును’ నొక్కితేనే లిస్టులోకి రావాలి. నోటుబుక్కులో వంద పేర్లు వచ్చిన చోట ఇరవయ్యే రావొచ్చు. ఆ ఇరవైమంది చాలు.

కొత్తావకాయ మెయిల్‌ను కూడా అందరికీ ఒకేసారి కొట్టకండి. మొదటి రోజు గత రెండు సీజన్లలో కొన్నవాళ్లకు పంపండి. వాళ్లు తెరుస్తారు, నొక్కుతారు, కొందరు జవాబిస్తారు, జీమెయిల్ అది గమనిస్తుంది. ఒకటి రెండు రోజులాగి పోస్ట్‌మాస్టర్‌లో ఫిర్యాదుల శాతం చూసుకుని మిగతావాళ్లకు పంపండి. డల్లాస్‌లో ఉన్న ఆ కస్టమర్‌కు మాత్రం అంతకంటే ముందే ఫోన్ చేసి, స్పామ్‌లో ఉన్న మీ మెయిల్ ఒకటి తెరిచి ‘స్పామ్ కాదు’ అని నొక్కమనండి, మీ ఐడీని కాంటాక్టుల్లో పెట్టుకోమనండి. అడిగితే చేస్తుంది. పట్టించుకుంది కాబట్టే మీకు ఆ సంగతి చెప్పింది.